ఒప్పందం గడువు ముగిస్తే జీతం ఆగిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల సలహాదారుగా హెచ్-1బి వీసా మీద పనిచేస్తోంది. అక్కడి యూనియన్ ఒప్పందం 2026 జులై 1తో ముగుస్తుందనీ, కొత్తదానికి చర్చలు ఎంతకాలం సాగుతాయో చెప్పలేమనీ అంటోంది. సహోద్యోగులు యూనియన్‌లో చేరమంటున్నారట. నేను ఇక్కడ విశ్వవిద్యాలయ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. పీఆర్‌సీ కోసం పడ్డ పాట్లు ఎరిగినవాణ్ణి. గడువు దాటితే జీతం మాటేమిటి? సమ్మె జరిగితే వీసాకు ముప్పా? యూనియన్ జోలికి పోవద్దని చెప్పమంటారా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: జీతం ఆగదు, తగ్గదు కూడా. న్యూయార్క్‌లో ప్రభుత్వోద్యోగుల బేరసారాలకు ఆధారం 1967 నాటి టేలర్ చట్టం. 1982లో దానికి తెచ్చిన ట్రైబరో సవరణ ప్రకారం, కొత్త ఒప్పందం కుదిరేదాకా పాత ఒప్పందంలోని షరతులన్నీ యథాతథంగా అమలులో ఉండాలి. 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్న ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించినప్పుడు ఎంత అలజడి రేగిందో మీకు గుర్తుండే ఉంటుంది; ఉన్నదానిలో కోత పెట్టే అలాంటి ఏకపక్ష నిర్ణయానికి అక్కడ ఆ సవరణ అడ్డుపడుతుంది. అయితే కొత్త పెంపుదల మాత్రం సంతకాలు అయ్యేదాకా రాదు. వెనకటి ఒప్పందం 2022 జులైలో ముగిస్తే, తరువాతిది 2023లో గాని ఖరారు కాలేదు. అప్పుడు 2022కు 2 శాతం, ఆపై మూడేళ్లకు ఏటా 3 శాతం చొప్పున పెంపు ఒప్పుకొని, గడిచిన కాలానికి బకాయిలు చెల్లించారు. దానికి తోడు 3,000 డాలర్ల ఏకమొత్తం, పూర్తి జీతంతో 12 వారాల వరకు శిశు సంరక్షణ సెలవు దక్కాయి. నన్నడిగితే ఆ సెలవే శాతాలకంటే పెద్ద గెలుపు.

మీ అమ్మాయి చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నది యునైటెడ్ యూనివర్సిటీ ప్రొఫెషన్స్ అనే సంఘం. అధ్యాపకులూ, సలహాదారులు, ఐటీ, ఆర్థిక సహాయ విభాగాల వంటి బోధనేతర వృత్తి నిపుణులూ అందులో ఒకే గొడుగు కింద ఉంటారు. చర్చల్లో ఎదుటి పక్షాన ప్రధానంగా కూర్చునేది విశ్వవిద్యాలయ అధ్యక్షుడు కాదు, గవర్నర్ కింద పనిచేసే ఉద్యోగ సంబంధాల కార్యాలయం. కాబట్టి చర్చలు సాగడం లేదని ఆమె తన డైరెక్టరు మీద కోపం తెచ్చుకొని లాభం లేదు. ప్రతిష్టంభన ఏర్పడితే మధ్యవర్తి వస్తారు. కుదిరిన జీతాల పెంపునకు శాసనసభ ఆమోదం కావాలి. ఆలస్యానికి ఇవన్నీ కారణాలే.

సమ్మె గురించి రెండు మాటలు చాలు. టేలర్ చట్టం ప్రభుత్వోద్యోగుల సమ్మెను నిషేధించింది, పాల్గొన్న ప్రతి రోజుకూ రెండు రోజుల జీతం కోస్తారు. అందుకే అక్కడి ఉద్యోగుల పోరాటం సర్వేలతో, సభలతో, శాసనసభ్యులకు రాసే లేఖలతో సాగుతుంది, వీటిలో పాల్గొనడం వీసాకు అడ్డు కాదు. హెచ్-1బి కోసం సంస్థ కార్మిక శాఖకు లేబర్ కండిషన్ దరఖాస్తు (జీతం, పని పరిస్థితుల గురించి ఇచ్చే హామీపత్రం) పెట్టేటప్పుడు, యూనియన్ ఉన్న చోట ఆ విషయం యూనియన్‌కే తెలియజేయాలని ఫెడరల్ నిబంధన. అంటే వీసా వ్యవస్థే యూనియన్‌ను ఒక పక్షంగా గుర్తిస్తోంది.

చేరడం నిర్బంధం కాదు. ప్రభుత్వోద్యోగుల్లో సభ్యులు కానివారి నుంచి రుసుము వసూలు చేయరాదని 2018లో అమెరికా సుప్రీంకోర్టు జేనస్ కేసులో తీర్పు చెప్పింది. ఒప్పందం వారికీ వర్తిస్తుంది, కాని దానిని ఆమోదించే ఓటు సభ్యులకే ఉంటుంది. ఆమె చేసే పని స్వభావం చూస్తే ఆ ఓటు అక్కరకొచ్చేదే. ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగే వారాల్లో శనివారాలు కూడా కార్యాలయం నడుస్తుంది. అయినా వృత్తి నిపుణుల్లో చాలామందికి గంటల లెక్కన ఓవర్‌టైం రాదు. ఏ పని చేయాలో ఏటా రాసి ఇచ్చే పెర్ఫార్మెన్స్ ప్రోగ్రామ్‌లో ‘అప్పగించిన ఇతర పనులు’ అనే ఒక్క వాక్యం కింద ఎంత బరువైనా ఇమిడిపోతుంది. అదనపు పనిని తేదీలతో సహా రాసుకొని, చర్చలకు ముందు సంఘం జరిపే సర్వేలో చెప్పమనండి. బేరమాడేవారికి అలాంటి వివరాలే పనికొస్తాయి.

వీసా గురించి మీ బెంగ ఉండాల్సిన చోటు వేరే ఉంది. నియామక పత్రంలో ఆమెది ‘టర్మ్’ (నిర్ణీత కాలానికి ఇచ్చే) నియామకమో, ‘టెంపరరీ’ (తాత్కాలిక) నియామకమో ముందు చూడమనండి. టర్మ్ అయితే, కొనసాగించబోవడం లేదన్న సంగతి మొదటి ఏడాదిలో మూడు నెలలు, రెండో ఏడాదిలో ఆరు నెలలు, అటుపైన పన్నెండు నెలలు ముందుగా తెలియజేయాలని ఒప్పందం చెబుతోంది. టెంపరరీకి ఆ రక్షణ లేదు. ఉద్యోగం పోయిన హెచ్-1బి వ్యక్తికి వలస నిబంధనలు ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులే కాబట్టి, ఆమెకు ఈ తేడా జీతం శాతాలకంటే ముఖ్యమైనది. నియామకం టెంపరరీ అని తేలితే, దానిని టర్మ్‌గా మార్చే అవకాశం ఉందేమో తన క్యాంపస్ యూనియన్ శాఖను, మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగమనండి.