గాయం నుంచి వచ్చిన వింగర్‌ని ఏ లైన్‌లో ఆడించాలి?

మోకాలి గాయంతో ఆరు వారాలు ఆగిన మీ ఐస్ హాకీ జట్టు స్టార్ వింగర్‌ని (పక్క నుంచి దాడి చేసే ఫార్వర్డ్‌ని) ఏ లైన్‌లో, అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల ఏ గుంపులో దించాలని అడిగారు కదా. పాత సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) పక్కనే దించండి. కింది లైన్‌లో ‘అలవాటు’ చేయిస్తే ఆ లైనూ చెడుతుంది, అతనికీ పాస్‌లు అందవు.

తుంటి సర్జరీ వల్ల ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) జట్టు టాంపా బే వింగర్ కుచెరోవ్ 2020-21 రెగ్యులర్ సీజన్‌లో 56 మ్యాచ్‌లూ ఆడలేదు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు, రెండూ పవర్ ప్లేలోనే (అవతలి జట్టులో ఒకరు పెనాల్టీతో బయట కూర్చున్నప్పుడు)! చివరికి 32 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), స్టాన్లీ కప్పు కూడా.

కాబట్టి మీవాడికీ పవర్ ప్లేలో ఎక్కువ టైమివ్వండి, మామూలు షిఫ్టులు (ఒక్కో విడత మంచు మీద ఉండే సమయం) చిన్నవిగా ఉంచండి. పెనాల్టీ కిల్‌కి (మనవాళ్లు ఒకరు తక్కువగా ఉండి గోల్ కాపాడుకునేటప్పుడు) ఇప్పుడే వద్దు, షాట్లకు అడ్డం పడితే మళ్లీ మోకాలే. ఇన్నాళ్లూ ఆ చోట ఆడిన కుర్రాడితో మాత్రం మ్యాచ్‌కి ముందే మాట్లాడండి. బోర్డు మీద చూసి తెలుసుకుంటే మొహం మాడ్చుకుంటాడు.