గాలిమర రెక్కల మీద రీసెర్చ్ చేస్తానంటోంది మా అమ్మాయి, ఒప్పుకోమంటారా?

అనంతపురం నుంచి ఒక తండ్రి అడిగారు. అమ్మాయి మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం, గాలిమర రెక్కలకు వాడే కాంపోజిట్స్ (రెండు మూడు పదార్థాలు కలిపి చేసే గట్టి పదార్థం) మీద రీసెర్చ్ చేస్తానంటోందట, ఇంట్లో అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారట.

నమస్తే అండీ. ఇదేదో పుస్తకాలకే పరిమితమైన చదువని టెన్షన్ పడకండి, మీ జిల్లాలోనే గాలిమరలు తయారుచేసే సుజ్లాన్ వాళ్ల బ్లేడ్ల (రెక్కల) ఫ్యాక్టరీ ఉంది. ఆ రెక్క ఇనుముది కాదు. గాజు పీచుతో నేసిన గుడ్డ, మధ్యలో బాల్సా చెక్కో ఫోమో, అన్నిటినీ పట్టి ఉంచే రెజిన్, అంతే. అచ్చులో పొడిగుడ్డ పొరలు పరిచి, పైన ప్లాస్టిక్ షీటు గాలి చొరబడకుండా అంటించి, పంపుతో లోపలి గాలి లాగేస్తే రెజిన్ దానంతటదే పాకుతుంది. ఎక్కడైనా సన్నని లీకు ఉందా, అక్కడ గుడ్డ తడవకుండా ఉండిపోతుంది, ఇరవై ఏళ్లు గాలికి ఊగాల్సిన రెక్కకు పగులు మొదలయ్యేది అలాంటి చోటే. దాన్ని ముందే కనిపెట్టడం, రాకుండా చూడడం పెద్ద రీసెర్చ్.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. రెక్కలకు వాడే ఎపాక్సీ అనే రెజిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు, అందుకే అమెరికాలో పాత రెక్కల్ని ముక్కలు కోసి గోతుల్లో పూడ్చారు. 2021లో సీమెన్స్ గమేసా అనే గాలిమరల కంపెనీ రీసైకిల్‌కు పనికొచ్చే రెక్క తెచ్చింది, 2022లో ఆర్కెమా అనే కంపెనీ వాళ్ల థర్మోప్లాస్టిక్ (వేడి చేస్తే మళ్లీ మెత్తబడే) రెజిన్‌తో 62 మీటర్ల రెక్క చేశారు. మీ అమ్మాయి అడుగుపెట్టాలనుకుంటున్నది సరిగ్గా ఇక్కడికే, మంచి సమయంలోనే.

దాచకుండా చెప్తున్నాను, మొదటి ఐదారేళ్లు జీతంలో సాఫ్ట్‌వేర్ స్నేహితులే ముందుంటారు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, ఆ డబ్బుతో తన ఖర్చులు తను చూసుకోగలదు, కానీ ఇంటికి పంపమని అడగకండి, మధ్యలో పెళ్లి మాట ఎత్తి తొందర పెట్టకండి. రెక్కల పని దొరక్కపోయినా ఈ చదువు వృథా కాదు, విమానాలకూ, హైడ్రోజన్ సిలిండర్లకూ, హైదరాబాద్‌లో డీఆర్‌డీవో పనులకూ కావాల్సింది ఇదే.

పై చదువుల ఎంట్రన్స్ గేట్ సంగతి తర్వాత. ముందు ఫైనలియర్ ప్రాజెక్టుగా అడుగు పొడవు, అడుగు వెడల్పు గాజు పీచు, రెజిన్ పలక ఒకటి తన చేత్తో చేయమనండి. గ్లవ్స్ వేసుకున్నా గాజు పీచుకు దురద పుడుతుంది, రెజిన్ వాసనకు తల పట్టేస్తుంది, రెండు మూడు పలకలు పాడవుతాయి కూడా. అయినా నాలుగోది చేస్తానందంటే ఇక అడ్డు చెప్పకండి. ఆ పలకను రంపంతో కోసి లోపల బుడగలున్నాయేమో వెతుకుతుంది కదా, అప్పుడు మీరూ పక్కన కూర్చుని చూడండి.