టెక్సస్ చిన్న ఊళ్ల బిరుదులు: చూడాల్సినవేనా?

ప్రశ్న: డాలస్ దగ్గరికి కొత్తగా వచ్చాం. శని, ఆదివారాలు గుడి, కాస్ట్‌కో, బర్త్‌డే పార్టీలతో గడిచిపోతున్నాయి. ఊరు దాటితే ప్రతి చిన్న టౌన్ బోర్డు మీదా ఏదో ఒకదానికి 'క్యాపిటల్' అని రాసి ఉంటోంది. ఇవి నిజంగా చూడదగ్గవా, ఉత్త గొప్పలా?

జవాబు: గొప్పలే, కాకపోతే సరుకున్న గొప్పలు. ఆత్రేయపురం పేరెత్తితే పూతరేకులు గుర్తొచ్చినట్టే ఇక్కడా ఊరికో పేరుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ చాలా బిరుదులకు ఆస్టిన్‌లోని శాసనసభ తీర్మానమే చేస్తుంది. లాకార్ట్ బార్బెక్యూ రాజధాని అయిందీ, 1997లో ఎన్నిస్ అధికారిక బ్లూబానెట్ (వసంతంలో పూసే నీలిపూలు) నగరం అయిందీ అలాగే.

మీకు దగ్గర కాబట్టి దక్షిణం వైపు వెళ్లమంటాను. ముందు వాక్సహాచీ. డాలస్ నుంచి 30 మైళ్లు. ఊరి నడిబొడ్డున ఎర్రరాయి కోర్టు భవనం ఉంటుంది, 1897 నాటిది. స్తంభాల మీద చెక్కిన ముఖాలు చూడకుండా రావద్దు. శిల్పి ఇక్కడొక అమ్మాయిని ప్రేమించాడనీ, మొదట ఆమె ముఖాన్ని అందంగా చెక్కి, ఆమె కాదనేసరికి రానురాను వికారంగా చెక్కాడనీ చెబుతారు. గట్టి ఆధారమేమీ లేదు, అయినా పిల్లలకు ఆ కథ చెప్పి ముఖాలు వెతకమనండి, గంటసేపు మీ జోలికి రారు.

మనవాళ్లలో ఇంజనీర్లకు వాక్సహాచీ గురించి ఇంకో సంగతి. 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో, జెనీవా దగ్గరున్న దానికంటే ఎంతో పెద్ద పార్టికల్ కొలైడర్‌ను, అంటే సూక్ష్మ కణాలను ఢీకొట్టించి పరిశీలించే యంత్రాన్ని, ఈ ఊరి చుట్టూ నేల కింద కట్టడం మొదలుపెట్టారు. కొంత సొరంగం తవ్వి, సుమారు రెండు వందల కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 1993లో అమెరికా కాంగ్రెస్ ఆపేసింది. ఊరికి దక్కకుండా పోయిన ఈ పేరే నాకు అన్నిటికన్నా ఆసక్తి.

ఎన్నిస్‌కు ఏప్రిల్‌లో వెళ్లాలి. నీలిపూల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీయని తెలుగు కుటుంబం డాలస్‌లో ఉండదేమో! కూర్చోబెట్టే ముందు నేల చూడండి. నిప్పుచీమలు కుడితే పొక్కులు లేస్తాయి, పాములూ ఉంటాయి. కంచె దాటితే అది ఎవరిదో సొంత భూమి. పూలు కోయకూడదని ప్రత్యేకంగా చట్టమేమీ లేదు గానీ, తొక్కితే గింజ రాలదు, వచ్చే ఏడు పువ్వూ ఉండదు. కారును రోడ్డు అంచున పూల మీద ఆపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అదే దారిలో ఇంకా కిందికి వెళ్తే కార్సికానా. 1894లో ఊరికి నీళ్ల కోసం బోరు వేస్తే చమురు పడింది. టెక్సస్ చమురు వ్యాపారానికి నాంది అదే. 1896 నుంచి ఉన్న కాలిన్ స్ట్రీట్ బేకరీ పీకాన్ ఫ్రూట్‌కేక్ దేశదేశాలకు పోస్టులో వెళ్తుంది. ఇండియా వెళ్లేటప్పుడు చాక్లెట్లకు బదులు ఇది పట్టుకెళ్లొచ్చు. చాలా తీపి, ముందే చెబుతున్నా.

వెస్ట్ అనే ఊరు పేరుకే వెస్ట్, వెస్ట్ టెక్సస్‌లో లేదు. డాలస్ నుంచి వేకో వెళ్లే ఐ-35 హైవే మీద ఉంది. చెక్ దేశం నుంచి వలస వచ్చినవాళ్ల ఊరు, వాళ్ల కొలాచీలకు పేరు. పండ్లవి, చీజ్‌వి, గసగసాలవి తీపి బన్నులు. సాసేజ్ పెట్టినవీ పక్కనే ఉంటాయి. అందులో బీఫ్, పోర్క్ ఏదైనా ఉండొచ్చు, తినేవాళ్లు కాకపోతే అడిగి తీసుకోండి. 2013 ఏప్రిల్ 17న ఇక్కడ ఎరువుల గోదాం పేలి 15 మంది పోయారు. ఎక్కువమంది మంటలార్పడానికి, సాయానికి వెళ్లినవాళ్లే. కౌంటర్ దగ్గర ఆ ప్రమాదం గురించి మీరుగా ఆరా తీయకండి, వాళ్లు ఎత్తితే వినండి.

ఇలాంటి ఊళ్ల మ్యూజియంలలో బల్ల దగ్గర ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్లు కూర్చుంటారు. "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగితే తప్పు పట్టకండి, మన పల్లెల్లోనూ కొత్తవాళ్లను అడుగుతాం. ఫ్రిస్కో అనో, డాలస్ దగ్గర మీరుంటున్న ఇంకో ఊరి పేరో చెప్పి ఊరుకోకుండా మీ సొంతూరూ, అది దేనికి ప్రసిద్ధో చెప్పండి. శనివారం వెళ్లడం మేలు. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు.