సివిల్ చదివే అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో సివిల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. మ్యాక్‌బుక్ కావాలని పట్టుబడుతోంది. షాపువాళ్లేమో స్నాప్‌డ్రాగన్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ తీసుకోండి, చార్జింగ్ ఎక్కువసేపు వస్తుంది అంటున్నారు. ఏది కొనమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ రెండూ వద్దండీ. సివిల్‌కి ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాపే తీసుకోండి.

మ్యాక్‌బుక్ మంచి మెషీనే, అందులో సందేహం లేదు. కానీ మీ అమ్మాయి ముందుముందు రోజూ పని చేయాల్సింది ఈట్యాబ్స్, స్టాడ్‌ప్రో, రెవిట్ లాంటి బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ల మీద. ఇవి విండోస్ కోసం తయారైనవి, మ్యాక్ వెర్షన్లు లేవు. డ్రాయింగ్‌లు గీసే ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉన్నా, విండోస్‌లో ఉన్నవన్నీ అందులో ఉండవు. ల్యాబ్‌లో సార్ చూపించిన కమాండ్ ఇంటికొచ్చాక కనిపించకపోతే పిల్లలకి ఎంత టెన్షనో!

మ్యాక్‌లోనే విండోస్ వేసుకోవచ్చు కదా అని ఎవరైనా చెప్పవచ్చు. పాత ఇంటెల్ మ్యాక్‌లలో ఆపిల్ ఇచ్చిన బూట్ క్యాంప్ అనే ప్రోగ్రాంతో అది కుదిరేది. 2020 చివర్లో ఎం1 చిప్‌తో వచ్చిన వాటి నుంచి ఆ సదుపాయం లేదు. మ్యాక్ లోపలే విండోస్ నడిపించే ప్యారలల్స్ లాంటి ప్రోగ్రాంలు ఉన్నా, వాటిలో నడిచేది ఆర్మ్ ప్రాసెసర్ల విండోస్. ఆర్మ్ అంటే ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన రకం చిప్, ఎం1 ఆ రకమే. ఆర్మ్ మీద రెవిట్‌కి సపోర్ట్ లేదని దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీయే చెబుతోంది.

షాపువాళ్లు చూపించిన స్నాప్‌డ్రాగన్‌తో చిక్కు కూడా ఇదే. తెర మీద అదే విండోస్ కనిపిస్తుంది, లోపల ఉన్నది ఆర్మ్ చిప్. బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్ హాయిగా నడుస్తాయి. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ల దగ్గరే ఇబ్బంది. అందుకే షాపులో మెషీన్ ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ‘సిస్టమ్ టైప్’ దగ్గర ‘ఎక్స్64 బేస్డ్ ప్రాసెసర్’ (ఇంటెల్, ఏఎండీ రకం) అని ఉండాలి. ‘ఆర్మ్ బేస్డ్’ అని ఉంటే వద్దనండి.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. రెవిట్‌లో కాస్త పెద్ద బిల్డింగ్ మోడల్ తెరిస్తే 8 జీబీ చాలదు.

సాఫ్ట్‌వేర్‌ని బట్టి కంప్యూటర్ కొనడం కొత్తేమీ కాదు. 1979లో విజిక్యాల్క్ అనే లెక్కల ప్రోగ్రాం మొదట ఆపిల్ 2 మీద మాత్రమే వచ్చింది. దానికోసమే ఆ కంప్యూటర్ కొన్నవాళ్లు ఎందరో.

అమ్మాయి మాటను కొట్టిపారేయకండి, మ్యాక్ ఎందుకు కావాలో అడగండి. ఐఫోన్ యాప్‌లు చేయాలన్న ఆసక్తి ఉంటే అది న్యాయమైన కారణమే, వాటికి కావాల్సిన ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. సీఎస్ఈలో చేరి ఉంటే నేనూ మ్యాక్‌కి అడ్డు చెప్పేవాణ్ని కాదు.

ఇంకో మాట. ఇప్పుడే కొనాలన్న తొందర లేదు. క్లాసులు మొదలయ్యాక డిపార్ట్‌మెంట్‌లో, సీనియర్లను ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ వాడుతున్నారో అడిగి రాసుకు రమ్మనండి. ఆ చీటీ పట్టుకునే షాపుకి వెళ్లండి. రెవిట్, ఆటోక్యాడ్‌లకు డబ్బు పక్కన పెట్టక్కర్లేదు. అర్హత ఉన్న విద్యార్థులకు ఆటోడెస్క్ వాటిని ఉచితంగానే ఇస్తుంది, ఏటా రెన్యువల్ చేసుకుంటే చాలు.