హాస్టల్లో ఓవెన్ లేకుండా క్రిస్మస్ బిస్కెట్లు

ఓవెన్ లేదని, వార్డెన్ స్టవ్ కూడా పెట్టనివ్వరని క్రిస్మస్ బేకింగ్ మానేయకండి. పిండి మీరు కలపండి, కాల్చే పని దగ్గర్లోని బేకరీకి ఇవ్వండి. మన ఊళ్లలో పండక్కి బిస్కెట్లు చేయించుకునేది ఇలాగే కదా! డిసెంబర్ 20 దాటితే వాళ్లకు ఊపిరాడదు, ముందు వారమే మాట్లాడుకోండి. 1 కిలో మైదాకు 500 గ్రాముల పంచదార పొడి, 750 గ్రాముల నెయ్యి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి చాలు. గుడ్డు లేదు కాబట్టి అందరూ తింటారు. నెయ్యి, పంచదార తెల్లగా నురగలా వచ్చేదాకా చేత్తో గిలక్కొట్టాకే మైదా వేయాలి. మా హాస్టల్లో మొదటి ఏడాది తొందరపడితే బిస్కెట్లు గట్టిగా రాళ్లలా వచ్చాయి. చేతులు నొప్పి పుడతాయి, వంతులు వేసుకోండి. జూనియర్లను కూడా కూర్చోబెట్టండి, వచ్చే ఏడాది వాళ్లే నడిపిస్తారు.