మున్సిపల్ కమిషనర్‌గా చేరబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

నీ ఆర్డర్ కాపీ మీ నాన్న వాట్సాప్‌లో పెట్టాడు. గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ అని చూడగానే మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది, నేనేమో కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయా, ముప్పై రెండేళ్ళు అవే ఆఫీసుల్లో తిరిగినోడ్ని కదా, నీకు రేపట్నుంచి తెల్లారకముందే ఎన్ని ఫోన్లొస్తాయో తెలుసు మరి. అడక్కుండానే నాలుగు మాటలు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ముందు మస్టర్ సంగతి, అదే పారిశుద్ధ్య కార్మికుల పొద్దుటి హాజరు. ఐదింటికి మస్టర్ అంటే ఐదింటికి నువ్వు అక్కడుండాలి. ఏ పాయింట్‌కి వస్తున్నావో డ్రైవర్‌కి కూడా బండి ఎక్కాకే చెప్పు, లేకపోతే నీకంటే ముందు ఆ కబురు వెళ్ళిపోద్ది. పుస్తకంలో ముప్పై పేర్లుంటాయి, ఎదురుగా ఇరవై మందే కనపడతారు. మొదటి రోజే కేకలెయ్యకు. మిగతా పదిమంది ఏరి అని మేస్త్రిని మెల్లగా అడుగు, వాళ్ళలో సగం మంది ఎవరెవరి ఇళ్ళ ముందు ఊడుస్తున్నారో వారంలో నీకే తెలిసిపోద్ది. కార్మికులతో పాటు అక్కడే టీ తాగు, గ్లౌజులు ఎప్పుడిచ్చారో వాళ్ళనే అడుగు, స్టోర్ రిజిస్టర్‌లో రాసింది నమ్మకు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది, మరుసటి ఏడాది మన తెలుగాయనే, ఎస్.ఆర్.రావు గారు, అక్కడ కమిషనర్‌గా వెళ్ళి ఆఫీసర్లందర్నీ ఏసీ గదుల్లోంచి లేపి రోజూ పొద్దున్నే వీధుల్లో తిప్పాడు, 1996కల్లా ఆ ఊరు దేశంలో రెండో శుభ్రమైన నగరం అనిపించుకుంది. కొత్త మిషన్లు కొన్నా కొనకపోయినా ఆఫీసర్ వీధిలో కనపడాలి, అంతే. పొద్దున నువ్వు వీధిలోకి వెళ్ళకపోతే రాత్రికి ఆ వీధే నీ ఇంటికొస్తది.

ఇక నీళ్ళు. దీని దగ్గర నిర్లక్ష్యం చేస్తే మనుషులు పోతారు బుజ్జీ, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. మన ఊళ్ళల్లో నీళ్ళు రోజంతా రావు, గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తారు, ఆపగానే పైపులో ప్రెషర్ పడిపోద్ది, ఎక్కడ చిన్న పగులున్నా పక్కనున్న మురుగు లోపలికి లాగేసుకుంటది. ఇళ్ళ కనెక్షన్లు చాలా వరకు సైడు కాల్వలోంచే పోతాయి, వానాకాలంలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యేది అక్కడే. చేరిన నెలలోనే అలాంటి కనెక్షన్లన్నీ వార్డుల వారీగా లెక్క తీయించి మార్పించు. ట్యాంకు దగ్గర క్లోరిన్ చూసి సంతోషపడకు, లైన్ చివరి కుళాయి దగ్గర చూడు, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి. నేనొకచోట ట్యాంకు రిపోర్టు నమ్ముకుని కూర్చున్నా, చివరి వీధిలో పిల్లలు జబ్బు పడ్డారు, దేవుడి దయవల్ల అందరూ బతికారు. ఆ రోజు మా అమ్మాయి స్కూల్ యానివర్సరీ, డాన్స్ చేసింది, నేను హాస్పిటల్లో సెలైన్ బాటిళ్ళ మధ్య ఉన్నా. ఇప్పటికీ ఆ ఫోటో చూపించి నువ్వెక్కడ నాన్నా అంటుంది, నవ్వుతూనే అంటుందనుకో.

అప్పట్నుంచి నాకు అసలు రిపోర్టు ఇచ్చింది మీ పెద్దమ్మే. ఏ ఊరెళ్ళినా కూరలకి తనే వెళ్ళేది, కమిషనర్ భార్యనని చెప్పేది కాదు, మా వీధికి నీళ్ళొచ్చి మూడ్రోజులైందమ్మా అని ఎవరో అంటే మధ్యాహ్నం భోజనం దగ్గర నాకు చెప్పేది. ఇంజనీర్ గారేమో రోజూ వదులుతున్నాం సార్ అనేవాడు!

ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పిపెట్టు. లంచం ఆఫీసుకి రాదు, దీపావళికి స్వీట్ బాక్స్‌లా ఇంటికే వస్తది. మీ ఆయనకీ మీ అత్తగారికీ ప్లాన్ అప్రూవల్ కోసం, సెట్‌బ్యాక్, అదే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, మినహాయింపు కోసం చుట్టాలు ఫోన్ చేస్తారు, ఆ పిల్ల ఆఫీసు సంగతులు మాకు చెప్పదండీ అని ఒక్క మాట నేర్పించు చాలు.

కౌన్సిల్‌తో గొడవ పెట్టుకోకు, అలాగని తలా ఊపకు. నోటితో చెప్పిన ఆర్డర్‌కి ఆ సాయంత్రమే ఫైల్లో నోట్ రాసుకో, ఫలానా వారి సూచన మేరకు అని. నేనొక పైప్‌లైన్ పనికి అర్జెంటని నోటిమాట మీద సంతకం పెట్టా, రిటైరయ్యాక ఆ ఆడిట్ అభ్యంతరం మీద పెన్షన్ కాగితాలు పదకొండు నెలలు తిరిగాయి. మ్యాన్‌హోల్లోకి మనిషిని దించమని ఎవరు ఫోన్ చేసినా కుదరదని చెప్పు, 2013 చట్టం ఉంది, మిషన్ పక్క ఊర్నుంచి వచ్చేదాకా రోడ్డు మీద మురుగు పారినా పర్లేదు.

పన్నుల గురించి మీ రెవెన్యూ ఆఫీసరే చెప్తాడు. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం తగ్గింపు అని ఆటోలో మైక్ పెట్టి తిప్పించు, మార్చిలో ఇళ్ళ మీద పడేకంటే అది మేలు.

పిల్లాడి చదువు సంగతి నువ్వే తేల్చుకోవాలి. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడల్లా నేను పిల్లల్ని లాక్కుపోలేదు, వాళ్ళు మీ పెద్దమ్మతో ఒకే ఊళ్ళో ఉన్నారు, నేను శనివారం రాత్రి బస్సెక్కి ఆదివారం రాత్రి తిరిగొచ్చేవాడ్ని, చాలాసార్లు నిలబడే. అది సరైన పనో కాదో ఈ రోజుకీ నాకు తెలీదు. కానీ ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం మానలేదు, వరద వచ్చినప్పుడు తప్ప. నువ్వు కూడా రోజులో ఒక పూట అలా పెట్టుకో, ఆ గంట ఫోన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టు, ప్రాణం పోయే సంగతైతేనే పిలవమను. మొదట్లో పదిసార్లు పిలుస్తాడు, ఓపిక పట్టు.

పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసాలో పెట్టింది, శుక్రవారం బస్సులో మీ నాన్నతో పంపిస్తున్నా. చేరిన రోజు ఫోన్ చెయ్యి, ఏడు దాటాకే చెయ్యి, అంతకుముందు నువ్వు మస్టర్‌లో ఉంటావుగా.

మీ పెదనాన్న