ఆటిజం కేంద్రానికి అధిపతి డాక్టరే కావాలా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రంలోని కేరీ పట్టణంలో ఉంటున్నారు. మనవడికి మూడున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. బొమ్మకారును తలకిందులు చేసి, చక్రం తిప్పుతూ గంటల తరబడి కూర్చుంటాడు. అక్కడి పిల్లల డాక్టరు ఇది ఆటిజం కావచ్చునని చెప్పి, ‘టీచ్’ అనే సంస్థకు చెందిన ప్రాంతీయ కేంద్రంలో చూపించమన్నారట. ఆ సంస్థ అధిపతి డాక్టరు కాదు, సైకాలజిస్టు. పైగా అక్కడ బిడ్డకు వైద్యం చేయడం కన్నా తల్లిదండ్రులకు నేర్పించడమే ఎక్కువని అమ్మాయి అంటోంది. వాడిని హైదరాబాదు తీసుకువచ్చి పెద్ద న్యూరాలజిస్టుకు చూపిద్దామని నా పట్టుదల. నేను అంటున్నది తప్పా?
– ఒక తాతగారు, నెల్లూరు

సమాధానం: మీ ఆరాటంలో తప్పు లేదు కానీ, మీ అమ్మాయి వెళ్తున్న చోటు సరైనదే. జబ్బుకు డాక్టరు, పెద్ద జబ్బుకు పెద్ద డాక్టరు అన్న లెక్క గుండెకూ మూత్రపిండాలకూ సరిపోతుంది. ఆటిజాన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగులో అది కనిపించదు. బిడ్డ తనకు కావలసినదాన్ని ఎలా అడుగుతున్నాడు, నచ్చిన వస్తువు కనిపిస్తే మన ముఖంలోకి చూసి ఆ సంతోషాన్ని పంచుకుంటున్నాడా, తోటిపిల్లల ఆటలోకి ఎలా వెళ్తున్నాడు అన్నది ఓపికగా గమనించి, ఇంట్లోవాళ్లను తరచి తరచి అడిగి నిర్ధారించవలసిన విషయం అది. ఆ పనిలో తర్ఫీదు పొందినవారు పిల్లల మానసిక వైద్యులు కావచ్చు, పిల్లల ఎదుగుదలను ప్రత్యేకంగా చదివిన డాక్టర్లు కావచ్చు, క్లినికల్ సైకాలజిస్టులు కావచ్చు. మూర్ఛ వస్తున్నా, వచ్చిన మాటలు పోతున్నా న్యూరాలజిస్టుకు తప్పక చూపించాలి. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ ఇతరులలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. విపరీతమైన చికాకుకు, తనను తాను గాయపరచుకునే అలవాటుకు మందులు కూడా ఇస్తారు. అయితే అవి ఆ ఇబ్బందులను తగ్గించేవే తప్ప, ఆటిజం మూలలక్షణాలను పోగొట్టేవి కావు.

ఇక తల్లిదండ్రులకు నేర్పించడం గురించి. ‘టీచ్’ సంస్థ పుట్టిందే తల్లిదండ్రులకు నేర్పించాలన్న పట్టుదల మీద. 1943లో అమెరికాలో లియో కానర్ అనే మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి ఈ స్థితికి ఆటిజం అన్న పేరు వాడిన తరువాత, రెండు దశాబ్దాలకు పైగా వైద్యలోకంలో ఒక దారుణమైన నమ్మకం రాజ్యమేలింది. తల్లి మనసులో ప్రేమ లేకపోవడం వల్లే బిడ్డ ఇలా ముడుచుకుపోతున్నాడని, కనుక బిడ్డను ఇంటికి దూరంగా సంస్థలో ఉంచడమే చికిత్స అని షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ వంటివారు బల్లగుద్ది చెప్పేవారు. ఎన్ని వేలమంది తల్లులు ఆ నింద మోశారో! అదే షికాగోలో చదువుకుని, ఆ ధోరణిని దగ్గర నుంచి చూసిన ఎరిక్ షాప్లర్ దానికి ఎదురుతిరిగారు. ఆయన మొదట సోషల్ వర్క్ చదివి, తరువాత పిల్లల క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేసినవారు. 1960లలో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయంలో, రాబర్ట్ రైక్లర్ అనే మానసిక వైద్యుడితో కలిసి, తల్లిదండ్రులనే చికిత్సలో భాగస్వాములను చేశారు. ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనుక కూర్చుని, బిడ్డతో థెరపిస్టు పనిచేసే తీరును తల్లిదండ్రులు చూసేవారు. తరువాత తల్లి బిడ్డతో పనిచేస్తుంటే థెరపిస్టు అద్దం వెనుకకు వెళ్లేవారు. 1972లో రాష్ట్ర శాసనసభ ఈ కార్యక్రమాన్ని రాష్ట్రవ్యాప్తం చేసింది. ఈనాడు చాపెల్ హిల్, రాలీ, షార్లెట్, ఆష్‌విల్ వంటి నగరాలలో దానికి ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. షాప్లర్ తరువాత నాయకత్వం వహించిన గ్యారీ మెసిబోవ్, 2011లో బాధ్యత చేపట్టిన లారా క్లింగర్ కూడా సైకాలజిస్టులే. కనుక మీ అమ్మాయి చెప్పినది లోపం కాదు, ఆ సంస్థ సంప్రదాయం.

ఇలాంటి కేంద్రాన్ని నడిపేవారి అసలు పరీక్ష మరొకచోట ఉందని నా అభిప్రాయం. పరిశోధన, సేవ ఒకే చేతిలో ఉన్నప్పుడు రెండవది మొదటిదానికి పనిమనిషిగా మారే ప్రమాదం ఉంటుంది. షాప్లర్ బృందం ఆ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకోవడానికి కారణం, వాళ్ల ప్రశ్నలు తరగతి గది నుంచే పుట్టడం. పిల్లవాణ్ణి తన ఇష్టానికి వదిలితే బాగా నేర్చుకుంటాడా, క్రమపద్ధతిలో నేర్పితేనా అన్నది వారు 1971లో పోల్చి చూసి, క్రమపద్ధతే మేలని తేల్చారు. ఆటిజం తీవ్రతను అంచనా వేసే 15 అంశాల ‘కార్స్’ కొలమానం కూడా ఆ క్లినిక్కులో రోజూ వచ్చే పిల్లలను చూస్తూ తయారైనదే. చిన్నప్పుడు అక్కడికి వచ్చినవారు పెద్దయ్యాక ఎలా బతుకుతున్నారో ఆరా తీసే పనిని క్లింగర్ బృందం చేపట్టింది. పాతికేళ్ల నాటి ఫైళ్లు భద్రంగా ఉంటేనే అది సాధ్యం.

మీ మనవడి విషయంలో ఆ క్రమపద్ధతి ఎలా ఉంటుందంటే, లేవగానే పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను, బడి సంచి, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క బొమ్మ వరుసగా గోడకు అంటిస్తారు. పని అయిపోగానే ఆ బొమ్మను తీసి డబ్బాలో వేస్తాడు. తరువాత ఏం జరుగుతుందో కళ్లకు కనిపించడంతో చాలామంది పిల్లలలో కంగారు తగ్గుతుంది. వారానికి రెండు మూడు గంటలు కేంద్రంలో గడిపే బిడ్డ మిగతా సమయమంతా ఇంట్లోనే ఉంటాడు గనుక ఈ పని తల్లిదండ్రులకు రాకపోతే ఎంత పెద్ద నిపుణుడు ఉన్నా లాభం లేదు. మరొకమాట. మాట ఆలస్యమైందని ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టం జరుగుతుందని పరిశోధనలు చూపలేదు. మీరు వీడియో కాల్‌లో వాడితో నిక్షేపంగా తెలుగులోనే మాట్లాడండి.

ఎప్పుడైనా సెలవులకు ఇక్కడికి వస్తే, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ‘నీపిడ్’ ఉంది. భారతదేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే ‘ఇసా’ కొలమానం అక్కడే రూపొందింది. అందులో 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. అక్కడా సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టు, డాక్టరు కలిసే చూస్తారు. అంతేకాని, అందుకోసం కేరీలో దొరికిన అవకాశాన్ని వదులుకోకండి.

ప్రశ్న: మా ఊళ్లో కొత్తగా ‘ఆటిజం రీసెర్చ్ సెంటర్’ అని బోర్డు పెట్టారు. డైరెక్టరు పేరు ముందు డాక్టర్ అని ఉంది. మూలకణాల (స్టెమ్ సెల్) చికిత్సతో బాబు మామూలు పిల్లవాడవుతాడని, పరిశోధనలో భాగం కనుక రాయితీ ఇస్తామని, అయినా కొన్ని లక్షలవుతుందని చెప్పారు. నమ్మవచ్చునా?
– ఒక తండ్రి, కరీంనగర్

సమాధానం: నమ్మకండి. ఆటిజానికి మూలకణాల చికిత్సను సిఫారసు చేయరాదని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఇక రాయితీ మాట. నిజమైన పరిశోధనలో పాల్గొనేవారి నుంచి ఆ పరిశోధన ఖర్చు వసూలు చేయకూడదు. క్లినికల్ ట్రయల్ అయితే ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగండి. ఇచ్చేవారు వెంటనే ఇస్తారు. నసిగితే లేచి వచ్చేయండి.

పేరు ముందు డాక్టర్ అని ఉండడం తప్పు కాదు, పీహెచ్‌డీ చేసినవారికి ఆ హక్కు ఉంది. ఏ విషయంలో డాక్టరో చెప్పకుండా దాచడం తప్పు. క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అయితే భారత పునరావాస మండలి రిజిస్టరులో నంబరు ఉండాలి. ఆ నంబరు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 1992 నాటి చట్టం అంటుంది. వెయ్యి రూపాయలకు ఈ రోజుల్లో ఎవరు భయపడతారో నాకు తెలియదు గానీ, నంబరు అడగడం మాత్రం మీ హక్కు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదునిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి పరిధిలోకి రారు, వారికి 2021లో వేరే చట్టం వచ్చింది. ఆ లక్షలు దాచుకుని, బాబుకు ఇంతవరకు ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం తీసుకోకపోతే ముందు అది తీసుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం మీ మండలంలో ఉంటే అక్కడ కూడా అడగండి.

ప్రశ్న: సైకాలజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆటిజం కేంద్రానికి నాయకత్వం వహించాలన్నది నా కోరిక. ఏం చదవాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: క్లినికల్ సైకాలజీ వైపు వెళ్లాలనుకుంటే పునరావాస మండలి గుర్తించిన వృత్తి కోర్సు తప్పదు, మామూలు ఎమ్మే, ఎమ్మెస్సీ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కాలేరు. స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీ చేసి, పదేళ్లు తరగతి గదిలో గడిపి కేంద్రాలను నడుపుతున్నవారూ ఉన్నారు, వారు ఎవరికీ తీసిపోరు. ఏ దారి ఎంచుకున్నా, ఫీజు కట్టే ముందు ఒక నెల రోజులు దగ్గరలోని భవిత కేంద్రంలో కూర్చుని చూడండి. అనుమతి కోసం మండల విద్యాధికారికి అర్జీ పెట్టుకోండి. పిల్లలను చూడడం ఎలాగూ తప్పదు. వాళ్లను దింపి వరండాలో రెండు గంటలు ఎదురుచూసే తల్లుల పక్కన కూడా కొన్ని రోజులు కూర్చోండి.